రిజిస్టర్‌లో ఎక్కని సూది: మా డయాలసిస్ యూనిట్ కేసు

ఆ రోజు నేను ఆవిడ కోసం వెళ్ళలేదు అసలు. మధ్యాహ్నం షిఫ్ట్ మారే టైమ్, టీ క్యాన్ వచ్చింది, హౌస్‌కీపింగ్ వాళ్ళు మెట్ల కింద కూర్చుని తాగుతుంటే నేనూ ఒక గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డా. వాళ్ళలో మేమంతా అప్పా, అంటే అక్కా, అని పిలిచే ఆవిడ ఎడం చెయ్యి కొంగులో దాచుకుని కుడి చేత్తో గ్లాసు అందుకుంది. తాగుతుంటే కొంగు జారింది. చూపుడువేలు మొదట్లో పసుపు ముద్ద, ఎండిపోయి బీటలు తీసి ఉంది. ఏటప్పా అది అన్నా. "ఏటీ లేదు సిస్టరమ్మా, ముల్లు గుచ్చుకుంది" అంది. డయాలసిస్ యూనిట్‌లో ముల్లెక్కడిదప్పా అని నేను నవ్వా, ఆవిడ నవ్వలేదు. పక్కన కూర్చున్న గుంట ఉండబట్టలేక "ఎర్ర కవరు ఎత్తినప్పుడు కదేటి, సెప్పీయప్పా" అంది.

అడగ్గా అడగ్గా తేలిందేంటంటే, వాడిన ట్యూబులవీ వేసే ఎర్ర చెత్త కవరు ఎత్తుతుంటే లోపలున్న సూది గుచ్చుకుంది, అది జరిగి ఎనిమిది రోజులయింది.

ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకి ఎనిమిది రోజులంటే ఏంటో తెలుసు, తెలీనివాళ్ళ కోసం రాస్తున్నా. వాడిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు, పీఈపీ అంటాం, వీలైతే రెండు గంటల్లోపు మొదలెట్టాలి, 72 గంటలు దాటితే ఇక మొదలెట్టరు. హెపటైటిస్ బీ టీకా వేయించుకోని మనిషైతే టీకాతో పాటు హెచ్‌బీఐజీ అని రెడీమేడ్ యాంటీబాడీల ఇంజక్షన్ ఇవ్వాలి, 24 గంటల్లోపు అయితే మంచిది, ఏడు రోజులు దాటితే పనికొస్తుందని చెప్పలేం. అంటే ఆవిడ వేలికి పసుపు రాసుకుని ఇంటికీ డ్యూటీకీ తిరుగుతున్నప్పుడే రెండు తలుపులూ మూసుకుపోయాయి. ట్రైనింగుల్లో మూడుల లెక్క అని ఒకటి చెప్తారు: ఆ రోగికి ఆ వైరస్ ఉంటే, గుచ్చుకున్న మనిషికి అంటుకునే అవకాశం హెపటైటిస్ బీ అయితే టీకా లేనివాళ్ళలో నూటికి 30 దాకా, సీ అయితే నూటికి 3, హెచ్ఐవీ అయితే వెయ్యికి 3. సీ లెక్క అంతకంటే తక్కువే అని కొత్త అంచనాలు. కానీ అప్పకి ఈ శాతాలు చెప్పి ఏం లాభం, ఆవిడ అడిగింది ఒకటే, "నాకేటైనా అయిపోద్దా సిస్టరమ్మా".

నా గురించి చెప్పాలంటే, శ్రీకాకుళం టౌన్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్స్‌ని. పేరు రాయను, పేరు వల్ల ఒరిగేదేం లేదు. అంతకుముందు పదేళ్ళకి పైగా వార్డులోనూ ఐసీయూలోనూ చేశా. మా దగ్గర డయాలసిస్ లోడ్ ఎప్పుడూ ఎక్కువే, కారణం అందరికీ తెలిసిందే, ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి కిడ్నీ పోయినవాళ్ళు దశాబ్దాలుగా వస్తూనే ఉన్నారు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ హాస్పిటల్, రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాక అక్కడివాళ్ళకి ప్రయాణం తగ్గింది, అయినా టౌన్‌కి అలవాటు పడినవాళ్ళు మా దగ్గరికే వస్తారు.

మా యూనిట్‌లో 8 మిషన్లు, రోజుకి 3 షిఫ్టులు. ఒక్కో పేషెంట్‌కి ఫిస్టులా సూదులు రెండు, ఫిస్టులా అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి చేతిలో ధమనినీ సిరనీ కలిపిన చోటు, ఆ సూదుల్లో ఒకటి రక్తం లాగడానికి, ఒకటి తిరిగి పంపడానికి. అంటే మిషన్లన్నీ నిండిన రోజు 48 సూదులు. ఫిస్టులా సూది ఇంజక్షన్ సూదిలా సన్నంగా ఉండదు, 16 గేజ్ అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లకి పైనే లావు, లోపల బోలు, ఆ బోలులో రక్తం నిలిచి ఉంటుంది. గుచ్చుకున్నప్పుడు లోపలికి పోయే రక్తం కూడా ఎక్కువే. అందుకే డయాలసిస్ చెత్త అంటే నాకు మామూలు వార్డు చెత్త కంటే భయం.

సరే, అప్ప విషయానికొస్తా. గుచ్చుకున్న సూది ఏ పేషెంట్‌దో తెలిసే దారి లేదు, ఆ కవరు వెళ్ళిపోయి ఎన్నాళ్ళో. ఒకవేళ దొరికినా సూదిని టెస్ట్‌కి పంపకూడదు, ఆ రిజల్ట్‌ని నమ్మలేం, పైగా దాన్ని పట్టుకునేవాడికి ఇంకో రిస్కు. ఆ రోజు ఏ షిఫ్ట్ కవరు ఎత్తిందో ఆవిడకి గుర్తుంది, పొద్దున్న షిఫ్ట్. ఆ షిఫ్ట్ పేషెంట్ల కేస్‌షీట్లు తీశాం. హెపటైటిస్ బీ ఉన్నవాళ్ళకి మా దగ్గర వేరే గది, వేరే మిషన్, కవరు కూడా వేరే, కాబట్టి దానిమీద కొంచెం ఊపిరి పీల్చుకున్నాం. హెచ్ఐవీ ఎవరికీ లేదు. హెపటైటిస్ సీ మాత్రం ఇద్దరికి ఉంది. సీకి టీకా లేదు, ముందుజాగ్రత్త మందూ లేదు, ఎదురుచూడ్డమే. కాబట్టి సీ తగిలిందనే అనుకుని ప్లాన్ వేశాం. ఆవిడ ఒప్పుకున్నాక అదే రోజు బేస్‌లైన్ రక్తం, అంటే తర్వాత పోల్చుకోడానికి మొదటి శాంపిల్, తీశాం, హెపటైటిస్ బీ టీకా మొదటి డోసు, టీటీ కూడా వేశాం, లేటయినా టీకా మొదలెట్టాల్సిందే ఎందుకంటే రేపూ ఆవిడ ఈ కవర్లే ఎత్తాలి. మూడు నుంచి ఆరు వారాల మధ్య సీ ఆర్ఎన్ఏ టెస్ట్, అంటే రక్తంలో వైరస్ ఉందో లేదో చూసేది, తర్వాత ఆరు నెలల్లోపు మళ్ళీ యాంటీబాడీ. ఒకవేళ వచ్చినా ఇప్పుడు మాత్రలున్నాయప్పా, సుమారు మూడు నెలలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా పూర్తిగా తగ్గిపోద్ది, 2018 నుంచి గవర్నమెంట్ హెపటైటిస్ ప్రోగ్రాంలో ఉచితంగానే ఇస్తున్నారు అని చెప్పా. ఆ మాట విన్నాకే ఆవిడ మొహంలో కాస్త రంగు వచ్చింది.

ఎందుకు చెప్పలేదప్పా అని అడిగా. అడగకుండా ఉండాల్సింది అనిపించింది తర్వాత. "ఎవులికి సెప్పమంటావు? పోయినేడు ఆ సన్నగుంట సెప్పింది కదా, జాగ్రత్తగా సెయ్యవా అని తిట్టి రెండ్రోజుల కూలి కోసీసినారు. ఆ మీద మానిపించీసినారు." ఇంకోటి కూడా ఉంది, దాన్ని గొంతు తగ్గించి చెప్పింది. ఎయిడ్స్ టెస్ట్ చేశారని ఊళ్ళో తెలిస్తే కోడలు తన గిన్నెలు వేరే పెట్టేస్తుందట. టెస్ట్ చేయించుకోవాలా వద్దా ఆవిడ ఇష్టం, రిజల్ట్ ఎవరికీ చెప్పకూడదు, చట్టంలోనే ఉంది అని ఎంత చెప్పినా ఆవిడ నమ్మింది చట్టాన్ని కాదు, నేను ఆవిడ ముందే రిక్వెస్ట్ ఫారంలో పేరు కొట్టేసి నంబర్ రాయడం చూసి నమ్మింది.

ఆ సాయంత్రం నా టేబుల్ మీద ఎక్స్‌పోజర్ రిజిస్టర్, సూది గుచ్చుకున్నవాళ్ళ వివరాలు రాసేది, తీసి చూసుకున్నా. గడిచిన 11 నెలల్లో రెండే ఎంట్రీలు, రెండూ స్టాఫ్ నర్సులవి. హౌస్‌కీపింగ్ నుంచి సున్నా. ఆ సున్నాని నేను క్వాలిటీ మీటింగ్‌లో స్లైడ్ మీద పెట్టి చూపించా, చప్పట్లు కూడా కొట్టారు. ఆ స్లైడ్ గుర్తొచ్చి సిగ్గనిపించింది నిజంగా.

మొదట నేను చేసిన పని అందరూ చేసేదే, క్లాసు. సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ పెట్టి, సూదికి మళ్ళీ క్యాప్ పెట్టొద్దు, సూదుల కోసం పెట్టిన తెల్ల డబ్బాలోనే వెయ్యాలి, గుచ్చుకుంటే సబ్బూ నీళ్ళతో కడగాలి, పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్ పొయ్యకూడదు, వెంటనే చెప్పాలి అని. పోస్టర్లు వేయించా, అవి ఇంగ్లీషులో వచ్చాయి, ఎవరికి ఉపయోగమో ప్రింటింగ్ వాడికే తెలియాలి. క్లాసు చివర్లో ప్రశ్నలడిగితే అందరూ కరెక్ట్‌గా చెప్పారు. వారం తర్వాత డయాలసిస్ ఎర్ర కవరు ఒకటి పట్టుకారుతో విప్పి చూశా, ట్యూబులతో పాటు సూదులు మూడు, అందులో ఒకదానికి క్యాప్ పెట్టి ఉంది. అన్నీ తెలిసినవాళ్ళే వేశారు.

అప్పుడు కోపం వచ్చింది, మెమో ఇవ్వాలనిపించింది. మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం పాతకాలం మనిషి, "ముందు వెళ్ళి కూకో అక్కడ, మెమో ఎక్కడికీ పోదు" అంది. మూడు సాయంత్రాలు ఒక స్టూల్ వేసుకుని యూనిట్ మూల కూర్చున్నా. ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఆ స్టూల్ మీదే.

డయాలసిస్ అయ్యాక రక్తం వెనక్కి ఇచ్చేసి సిస్టర్ మొదటి సూది లాగుతుంది. లాగిన చోట గాజ్ మడత పెట్టి గట్టిగా నొక్కాలి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి ఉంటారు, ఫిస్టులాలో ప్రెషర్ ఎక్కువ, వదిలితే పిచికారీలా చిమ్ముద్ది, పది నిమిషాల దాకా పట్టుకోవాలి. పేషెంట్ కాస్త కుర్రాడైతే తనే నొక్కుకుంటాడు, ముసలివాళ్ళకి చేతకాదు, తోడు వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వరు. అంటే సిస్టర్ ఒక చెయ్యి గాజ్ మీద ఇరుక్కుపోయింది. రెండో చేతిలో రెక్కలూ బారెడు ట్యూబూ ఉన్న సూది, మొన నుంచి రక్తం కారుతోంది. సూదులు వెయ్యాల్సిన డబ్బా ఎక్కడుంది? వాష్‌బేసిన్ పక్కన, గోడకి. నేను అడుగులు లెక్కపెట్టా, ఆరో నంబర్ బెడ్ నుంచి 14 అడుగులు. అటు పక్క బెడ్‌లో బీపీ పడిపోయి అలారం మోగుతోంది. చేతికందే దూరంలో ఉన్నది బెడ్ కాలికి కట్టిన ఎర్ర కవరు ఒక్కటే. ఆ పిల్ల ఏం చేస్తుంది చెప్పండి. నేనున్నా అందులోనే వేసేదాన్ని, ఐసీయూలో ఉన్నప్పుడు వేశాను కూడా, ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

ఆ డబ్బా సంగతి ఇంకో కథ. కొన్నది కాదు అది, డయాలసిస్ మిషన్‌కి వాడే బైకార్బ్ ద్రావణం వచ్చే తెల్ల క్యాన్ ఖాళీ అయితే దానికే స్టిక్కర్ అంటించారు. మూతి చిన్నది. మామూలు సూదైతే జారిపోద్ది, ఫిస్టులా సూది రెక్కలు మూతి దగ్గర ఇరుక్కుంటాయి, ఇరుక్కున్నదాన్ని కత్తెర మొనతో లోపలికి తోస్తారు, కత్తెర దొరక్కపోతే వేలితో. మూడో సాయంత్రం ఒకమ్మాయి వేలితో తోస్తుంటే నేను స్టూల్ మీంచి అరిచా, ఆ అమ్మాయి బెదిరిపోయి చెయ్యి లాక్కుంది, నా అరుపుకే గుచ్చుకుని ఉండేది.

మార్చింది చాలా చిన్న విషయం. ప్రతి రెండు బెడ్లకీ ఒక చిన్న ట్రాలీ, దానిమీద వెడల్పు మూతి ఉన్న తెల్ల షార్ప్స్ డబ్బా, సూది పొడుచుకు రాని రకం, బయట నుంచి ఎంత నిండిందో కనపడేది. సూది లాగే ముందే ట్రాలీ పక్కకి లాక్కోవాలి, అదొక్కటే రూలు. ట్యూబ్ కత్తిరించి సూది ఒకచోట ట్యూబ్ ఒకచోట వెయ్యడం ఆపేశాం, కత్తిరించినప్పుడు రక్తం చింది కళ్ళల్లో పడ్డం నేను చూశా. సెట్ మొత్తం తెల్ల డబ్బాలోకే. దీనివల్ల డబ్బాలు బేగి నిండిపోతాయి, ముప్పావు వంతుకి మూసెయ్యాలి కూడా, పర్చేజ్ ఆయన గోల పెట్టాడు, ఇన్ని డబ్బాలా అని. ఒక్క హెచ్‌బీఐజీ వయల్ ధర వేలల్లో ఉంటుంది సార్, దాంతో ఎన్ని డబ్బాలొస్తాయో మీరే లెక్కెయ్యండి అన్నా. లెక్కేశాడో లేదో తెలీదు, సంతకం అయితే పెట్టాడు. సూదిని కరెంటుతో కాల్చేసే నీడిల్ బర్నర్ కొందామని ఒకరు సలహా ఇచ్చారు, ఫిస్టులా సూది అందులో సరిగ్గా పట్టదు, కరెంటు పోతే అసలే పని చెయ్యదు, వద్దన్నా.

నర్సుల వైపు ఇలా సర్దుకుంది. హౌస్‌కీపింగ్ వైపు వెళ్ళి ఈసారి క్లాసు చెప్పకుండా అడిగా, ఇక్కడ మీకు ఏది కష్టంగా ఉందో చెప్పండి అని. సూది గురించి చెప్తారనుకున్నా. మొదట ఎవరూ సూది మాట ఎత్తలేదు. డయలైజర్లు, అంటే రక్తాన్ని వడకట్టే ఫిల్టర్లు, కడిగే గదిలో కెమికల్ ఘాటుకి కళ్ళు మండిపోతున్నాయన్నారు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పాడై ఎన్నాళ్ళో అట, నాకు తెలీదు. తడి నేల మీద రబ్బరు చెప్పులు జారిపోతున్నాయన్నారు. క్యాన్లు మోసి నడుములు పోతున్నాయన్నారు. చివర్లో గ్లౌజుల మాట వచ్చింది. స్టోర్స్ వాళ్ళు మందపాటి రబ్బరు గ్లౌజులు ఇచ్చాం అని రికార్డులో చూపించారు, నిజమే ఇచ్చారు, అన్నీ పెద్ద సైజే. అప్ప ఒక జత తెచ్చి తొడుక్కుని చూపించింది, వేళ్ళ చివర అంగుళం ఖాళీ వేలాడుతోంది, దాంతో కవరు ముడి పట్టుకోలేం, మే నెల ఎండలో చెమటకి లోపల చెయ్యి ఈదుతుంది. అందుకని అవి పక్కన పడేసి నర్సులు వాడే పల్చటి గ్లౌజులతో ఎత్తేవాళ్ళు, కవరు మూతి దొరక్క అడుగున చెయ్యి పెట్టి. అడుగునే కదా సూది ఉండేది. చిన్న సైజు గ్లౌజులు తెప్పించడానికి ఒక ఫోన్ కాల్ పట్టింది, ఇంతకాలం ఆ ఫోన్ ఎవరూ చెయ్యలేదంతే. ఫ్యాన్ కూడా బాగైంది. నడుం నొప్పి మాత్రం అలాగే ఉంది, క్యాన్లకి బండి అడుగుతున్నా.

అసలు పేచీ అంతా హౌస్‌కీపింగ్ వాళ్ళని కాంట్రాక్ట్ మీద పంపే ఏజెన్సీతో. టీకాలు వేయిద్దాం అంటే హెచ్ఆర్ వాళ్ళు "వాళ్ళు మన స్టాఫ్ కాదు మేడం, కాంట్రాక్టర్ చూసుకోవాలి" అన్నారు, కాంట్రాక్టర్ ఏమో అగ్రిమెంట్‌లో లేదు అన్నాడు. అప్పుడు 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రింట్ తీసుకెళ్ళా. చెత్త పుట్టే హాస్పిటల్ వాళ్ళే దాన్ని ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బీ, టెటనస్ టీకాలు వేయించాలి, ఏడాదికోసారి హెల్త్ చెకప్ చేయించాలి అని అందులో ఉంది, పేరోల్‌లో ఉన్నవాళ్ళకే అని ఎక్కడా లేదు. 2017 హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం కూడా పట్టుకెళ్ళా, రిస్కు ఉన్న చోట జాగ్రత్త సామాను, ట్రైనింగ్, గుచ్చుకుంటే పీఈపీ, ఇవన్నీ ఇవ్వాల్సింది ఆ సంస్థే అని. నిజం చెప్పాలంటే చట్టం కంటే ఇన్‌స్పెక్షన్ అన్న మాటకే ఎక్కువ పని జరిగింది. టీకా మూడు డోసులు, 0, 1, 6 నెలలు. మొదటి డోసుకి లైను కట్టారు, ఆరో నెలకి కొందరు మానేశారు, కొందరు ఊరెళ్ళిపోయారు. ఇప్పుడు కార్డు అటెండెన్స్ రిజిస్టర్‌కే పిన్ చేసి పెడుతున్నాం, సంతకం పెట్టేటప్పుడు డేట్ కనపడాలని.

రిపోర్టింగ్ ఫారం మార్చడం నాకు బాగా నచ్చిన భాగం. పాత ఫారంలో "ఉద్యోగి నిర్లక్ష్యం: అవును/కాదు" అని ఒక గడి ఉండేది. ఎవడు పెట్టాడో మహానుభావుడు. అది తీసేశా. దాని బదులు "డబ్బా ఎంత దూరంలో ఉంది, అప్పుడు నీ చేతిలో ఇంకేం ఉంది" అని రెండు ప్రశ్నలు పెట్టా. చదువు రానివాళ్ళు నోటితో చెప్తే క్యాజువాలిటీ సిస్టర్ రాసుకుంటుంది. రిపోర్ట్ చేసిన రోజు కూలి కొయ్యకూడదని ఎండీ సార్‌తో సర్క్యులర్ ఇప్పించాం, తెలుగులో, కాంట్రాక్టర్ సంతకంతో. పీఈపీ మొదటి డోసులు క్యాజువాలిటీలో తాళం లేని డ్రాయర్‌లో పెట్టించా, 28 రోజుల కోర్సులో మిగతాది హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ చూసుకుంటుంది, కానీ అర్ధరాత్రి ఆ మొదటి మాత్ర చేతికి దొరకాలి కదా.

దాని ఫలితం, తర్వాత నెలన్నరలో రిజిస్టర్‌లో ఐదు ఎంట్రీలు. మీటింగ్‌లో ఒక పెద్దాయన "మీరు ప్రోగ్రాం మొదలెట్టాక ప్రమాదాలు పెరిగాయే" అన్నాడు. నేను అప్ప వేలి సంగతి చెప్పా, పేరు చెప్పకుండా. ఎనిమిది రోజుల పసుపు గురించి చెప్పా. ఆయన ఇంకేం అనలేదు, ఒప్పుకున్నాడో లేదో మరి.

ఆ ఐదింట్లో ఒకటి చెప్పి ఆపుతా. రాత్రి ఒంటిగంట దాటాక నాకు ఫోన్, నైట్ స్టాఫ్ నర్స్, హెపటైటిస్ బీ గదిలో ఎమర్జెన్సీ డయాలసిస్ చేస్తుంటే పేషెంట్ చెయ్యి లాక్కున్నాడు, సూది బొటనవేలిలో దిగింది. గుచ్చుకున్న పావుగంటకే కడుక్కుని క్యాజువాలిటీకొచ్చి ఫోన్ చేసింది. చదువుకునే రోజుల్లో మూడు డోసులు వేయించుకుంది, కానీ టైటర్, అంటే టీకాతో రక్తంలో యాంటీబాడీలు ఎంత వచ్చాయో, ఎప్పుడూ చూడలేదు. మూడో డోసు అయిన ఒకటి రెండు నెలలకి ఒకసారి చూడాలి, 10 యూనిట్లు దాటితే పని చేసినట్టు, మనలో ఎంతమంది చూపించుకున్నామో ఎవరికివారు గుర్తుచేసుకోండి. పొద్దున్నే రక్తం పంపితే 10 కంటే తక్కువ వచ్చింది. హెచ్‌బీఐజీ కావాలి, మా ఫార్మసీలో లేదు, టౌన్‌లో మేం అడిగిన చోటా లేదు. చివరికి వైజాగ్‌లో దొరికితే ఐస్ బాక్స్‌లో పెట్టి బస్సులో పంపించారు, బస్ కాంప్లెక్స్‌లో మా అంబులెన్స్ డ్రైవర్ కాచుకుని తీసుకొచ్చాడు. సాయంత్రం నాలుగింటికి ఇంజక్షన్ పడింది, గుచ్చుకుని 15 గంటలు. టీకా కోర్సు మళ్ళీ మొదలెట్టాం. ఆ అమ్మాయి ఇప్పుడు బానే ఉంది. తన పెళ్ళి కుదిరిన విషయం నాకు ఆ రోజు చెప్పలేదు, తర్వాత తెలిసింది.

అప్ప ఆర్ఎన్ఏ రిపోర్ట్ ఐదో వారంలో వచ్చింది, నెగటివ్. ఆరో నెల యాంటీబాడీ కూడా నెగటివ్. చెప్తే "అయితే ఆ టీకా మూడోది యెయ్యక్కర్లేదా" అంది, యెయ్యాలప్పా అని కూర్చోబెట్టి వేయించా.

ఏప్రిల్‌లో కాంట్రాక్ట్ మారింది. పాతవాళ్ళలో సగం మందినే ఉంచుకున్నారు, అప్ప ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళలో ఒక్కళ్ళకీ టీకా కార్డు లేదు, మళ్ళీ మొదటి డోసు నుంచి. కొత్త అగ్రిమెంట్‌లో టీకాల లైను పెట్టించగలిగాం, కూలి కొయ్యకూడదన్న లైను లీగల్ వాళ్ళ దగ్గర ఉంది. రెండు హెచ్‌బీఐజీ వయల్స్ స్టాక్ పెట్టమని ఇచ్చిన ఇండెంట్ ఎక్స్‌పైరీ అయిపోతే ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నతో స్టోర్స్ నుంచి వెనక్కొచ్చింది, సోమవారం మళ్ళీ రాయాలి.